భూదేవి నవ్విన పేర్లలో ఒకటి: పీటర్ బల్క్‌లీ కథ

గత వారం వీడియోలో విష్ణుపురాణం నాలుగో అంశం చివర్లో వచ్చే భూమి పాట గురించి చెప్పుకున్నాం. గుర్తుందా? పరాశరుడు మైత్రేయుడికి రాజవంశాల పేర్లన్నీ వరసగా చెప్పుకుంటూ వస్తాడు. అంతా అయ్యాక, అసితుడనే ముని జనకుడికి ఎప్పుడో వినిపించిన భూమి మాటలు చెప్తాడు. ఈ నేల నాది, నా తర్వాత నా కొడుకుది, వాడి తర్వాత మనవడిది అనుకుంటూ వెళ్లిపోయిన రాజుల్ని చూసి భూమి నవ్వుతుంది. శత్రువుని గెలవాలని ఆరాటపడేవాళ్లు పక్కనే నిలబడ్డ మృత్యువుని చూడరే అని.

ఆ నవ్వు అమెరికాలో ఒక చిన్న ఊరిదాకా వెళ్లిందని వీడియో చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాను. ఆ ఊరి పేరు కాంకర్డ్. అక్కడొక కవి పురాణంలోని రాజుల స్థానంలో తన ఊరి తొలి రైతుల పేర్లు పెట్టాడు. వాటిలో ఒకటి ఆయన సొంత పూర్వీకుడిది. ఆ పూర్వీకుడి కథే ఈ పోస్ట్.

ముందు నాకెందుకు పట్టిందో చెప్పాలి. పోయినేడు మూడు నెలలు బోస్టన్‌లో ప్రాజెక్ట్ పని మీద ఉన్నాను. అదే టైంలో ఇంటి దగ్గర తాతగారి పొలం పంపకాల గొడవ నడుస్తోంది. రెండెకరాల నలభై సెంట్లు. రోజూ రాత్రి నాన్న ఫోన్, తర్వాత బాబాయి ఫోన్. వంశవృక్షం ఒకటి టైప్ చేసి పంపమని నాకు అప్పగించారు, ఇంట్లో కంప్యూటర్ చదువు చదివినవాణ్ణి కదా. తాతగారి తండ్రి పేరు దాటి ఒక్క గడి కూడా నింపలేకపోయాను. తర్పణం వదిలేటప్పుడు మూడు తరాల పేర్లు చెప్తాం, అక్కడితో మన జ్ఞాపకం సరి. సరిగ్గా అలాంటి ఒక ఆదివారం బోస్టన్ నుంచి రైలెక్కి కాంకర్డ్ వెళ్లాను. అక్కడ ఒకే మనిషి నుంచి ఎనిమిది తరాలు, ఒక్క గడి ఖాళీ లేకుండా కనిపించాయి.

ఆ మనిషి పీటర్ బల్క్‌లీ. 1583లో ఇంగ్లండ్‌లో బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని ఓడెల్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి ఎడ్వర్డ్ బల్క్‌లీ ఆ ఊరి చర్చి గురువు. బాగా కలిగిన కుటుంబం, పెద్ద ఇళ్లతో బంధుత్వాలు. పీటర్ అక్కచెల్లెళ్లలో సారా అనే ఆవిడ కొడుకు ఆలివర్ సెయింట్ జాన్ తర్వాత క్రామ్‌వెల్ కాలంలో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశాడు. ఇవన్నీ ఎలా తెలుస్తాయి అంటే, ఇంగ్లండ్‌లో 1538 నుంచి ప్రతి చర్చిలో బాప్టిజం, పెళ్లి, చావు రాసిపెట్టే రిజిస్టర్లు ఉన్నాయి. వీలునామాలున్నాయి. మనకి గయలో, కాశీలో పండాల దగ్గర ఊరి పేరు చెప్తే మన పెద్దల సంతకాలు చూపించే చిట్టాలుంటాయి చూడండి, కాస్త అలాంటివే. డొనాల్డ్ లైన్స్ జాకొబస్ అనే వంశచరిత్రకారుడు 1933లో బల్క్‌లీ వంశం మీద ఏకంగా ఒక లావుపాటి పుస్తకమే వేశాడు.

పీటర్ కేంబ్రిడ్జ్‌లో సెయింట్ జాన్స్ కాలేజీలో చదివి, అక్కడే ఫెలో అయి, తర్వాత తండ్రి స్థానంలోనే ఓడెల్‌లో గురువుగా కుదురుకున్నాడు. ఇరవై ఏళ్లకు పైగా అక్కడే. హాయిగా గడిచిపోవాల్సిన జీవితం. కానీ ఆయన ప్యూరిటన్. ఇంగ్లండ్ చర్చిలో మిగిలిపోయిన పాత కర్మకాండ మొత్తం కడిగేయాలనే వాళ్లన్నమాట. ప్రార్థనలో తెల్లటి పైవస్త్రం వేసుకోను, బాప్టిజంలో సిలువ గుర్తు వేయను అనేవాడు. ఆ ప్రాంతపు బిషప్ జాన్ విలియమ్స్ చూసీచూడనట్టు వదిలేసేవాడు. ఆర్చ్‌బిషప్ విలియం లాడ్ చేతికి అధికారం వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. బల్క్‌లీ నోరు మూయించారు, ఉద్యోగం పోయింది. అప్పటికి యాభై దాటాయి.

ఇక్కడ ఒక్క మాట. ఈయనేదో మనవైపు మనిషి అని చెప్పడానికి ఈ పోస్ట్ రాయట్లేదు. పండగలు, బొమ్మలు, దీపాలు అంటే ప్యూరిటన్లకి పడదు, క్రిస్మస్ కూడా చేసుకునేవాళ్లు కాదు. మన గుళ్లో హారతి చూస్తే బల్క్‌లీ ముఖం తిప్పుకుని వెళ్లిపోయేవాడు. ఆయన ముని మునిమనవడి వంశంలో ఒకడు విష్ణుపురాణం నోట్స్ రాసుకుంటాడని ఆయనకెవరైనా చెప్పుంటే ఏమయ్యేవాడో!

మొదటి భార్య జేన్ ఆలెన్ 1626లో చనిపోయింది. 1635లో సర్ రిచర్డ్ చెట్‌వుడ్ కూతురు గ్రేస్‌ని చేసుకుని, ఆస్తి డబ్బు చేసుకుని, ఆ ఏడాదే సముద్రం దాటాడు. ఆరు వేల పౌండ్లు తీసుకెళ్లాడని అంటారు, ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. ఓడలో గ్రేస్ చనిపోయిందనుకున్నారని, సముద్రంలో వదిలేద్దామంటే పీటర్ బతిమాలి ఆపించాడని, తీరం చేరేలోపు ఆవిడ కళ్లు తెరిచిందని వాళ్ల వంశంలో ఒక కథ ఉంది. నిజమో కాదో గానీ, తరాల తరబడి చెప్పుకున్నారు. అమెరికా చేరాక పుట్టిన కొడుక్కి గెర్షోమ్ అని పేరు పెట్టారు. బైబిల్లో మోషే తన కొడుక్కి పెట్టిన పేరది. పరాయి నేలలో పరదేశిగా ఉన్నాను కనుక ఈ పేరు అని అక్కడ ఉంటుంది. యాభై మూడేళ్ల వయసులో, సొంత ఊరు వదిలి వచ్చినవాడు కొడుక్కి ఆ పేరు పెట్టుకున్నాడంటే నాకు కాసేపు మనసు పట్టేసింది.

1635 సెప్టెంబర్‌లో మసాచుసెట్స్ ప్రభుత్వం బల్క్‌లీకి, సైమన్ విల్లర్డ్ అనే వ్యాపారికి, ఇంకో పన్నెండు కుటుంబాల వరకూ కలిపి ఆరు మైళ్ల చదరం నేల ఇచ్చింది. లెక్క వేసుకోండి, 23,040 ఎకరాలు. మా ఇంట్లో రెండెకరాల నలభై సెంట్లకి ఇన్ని ఫోన్లు!

అయితే ఆ నేల ఖాళీగా ఏమీ లేదు. దాని పేరు మస్కెటాక్విడ్, గడ్డి నది అని అర్థం. అక్కడి మూలవాసులు 1616 నుంచి 1619 వరకూ వచ్చిన మహమ్మారిలో, మళ్లీ 1633 మశూచిలో కుప్పలుగా పోయారు. మిగిలినవాళ్ల పెద్దలు స్క్వా సాచెమ్ అనే రాణి, తహట్టవాన్ అనే నాయకుడు. వాళ్ల దగ్గర ఈ నేల కొన్నారు. కొన్న కాగితం పోయింది. దాదాపు యాభై ఏళ్లకి, 1684లో, అప్పుడు అక్కడున్న ముసలివాళ్లని పిలిచి ప్రమాణం చేయించి సాక్ష్యాలు రాయించుకున్నారు. గవ్వల పూసలు, గొడ్డళ్లు, పారలు, కత్తులు, నూలుబట్ట, చొక్కాలు ఇచ్చారని, రాణి భర్తకి ఒక జత బట్టలు, టోపీ, బూట్లు, మేజోళ్లు, పెద్ద కోటు ఇచ్చారని వాటిలో ఉంది. ఒరిజినల్ దస్తావేజు పోతే సాక్షుల వాంగ్మూలంతో నెట్టుకురావడం మనకి కొత్తేం కాదు. గొడవ లేకుండా కుదిరింది కాబట్టే ఊరికి కాంకర్డ్, అంటే సామరస్యం అని పేరొచ్చిందని చెప్పుకుంటారు. తహట్టవాన్ మనుషులు తర్వాత పక్కనే నషోబా అనే చోట క్రైస్తవులుగా మారి బతికారు. నలభై ఏళ్లకి యుద్ధం వచ్చినప్పుడు వాళ్లని అక్కణ్ణుంచి లేపి, ఆ చలికాలంలోనే బోస్టన్ రేవులోని డీర్ ఐలండ్‌లో పడేశారు. సామరస్యం ఎవరి వైపు ఎన్నాళ్లు నిలిచిందో దీన్ని బట్టి తెలుస్తుంది.

తెల్లవాళ్లకీ మొదటి ఏళ్లు సుఖంగా లేవు. మొదటి చలికాలం కొండవాలులో గోతులు తవ్వి, పైన దుంగలు, మట్టి కప్పుకుని వాటిలో ఉన్నారు. పచ్చిక నేలలు నీళ్లలో మునిగేవి, పశువులు చచ్చేవి. 1644లో రెండో గురువు జాన్ జోన్స్‌తో కలిసి కొన్ని కుటుంబాలు కనెక్టికట్ వెళ్లిపోయాయి. బల్క్‌లీ కదల్లేదు. తెచ్చిన డబ్బంతా ఆ ఊళ్లోనే కరిగింది. కొన్నేళ్లు తన దగ్గర పనిచేసిన నౌకర్లకి తలా కొంత పొలం ఇచ్చి పంపేవాడట. మంచివాడేనా అంటే, మత విషయంలో మెత్తన కాదు. 1637లో ఆన్ హచిన్సన్ అనే ఆవిడ బోధలు తప్పని తేల్చిన సభకి అధ్యక్షత వహించిన ఇద్దరిలో ఈయనొకడు. ఆవిణ్ణి తర్వాత వెళ్లగొట్టారు. సొంత నమ్మకం కోసం దేశం వదిలి వచ్చినవాడు ఇంకొకరి నమ్మకం దగ్గర ఆ సడలింపు ఇవ్వలేదు. ఆయన ప్రసంగాల పుస్తకం 1646లో లండన్‌లో అచ్చయింది. 1659లో కాంకర్డ్‌లోనే పోయాడు. ఆ ఊళ్లో ఇప్పుడు కనిపించే సమాధి రాళ్లలో అన్నిటికంటే పాతది 1677 నాటిది. అది మెరియమ్ అనే ఆయనది. గ్రేస్ ఇల్లూ వాకిలీ వదిలి కనెక్టికట్‌లో న్యూలండన్ వెళ్లి అక్కడే కన్నుమూసింది.

ఇక వంశం. పీటర్ పెద్ద భార్య కొడుకు ఎడ్వర్డ్, తండ్రి తర్వాత కాంకర్డ్ గురువు. ఎడ్వర్డ్ కూతురు ఎలిజబెత్. ఆవిడ 1665లో జోసెఫ్ ఎమర్సన్ అనే గురువుని చేసుకుని మెండన్ అనే ఊరు వెళ్లింది. యుద్ధంలో ఆ ఊరు తగలబడితే కుటుంబం పుట్టింటికి, కాంకర్డ్‌కే వచ్చి చేరింది. భర్త అక్కడే పోయాడు. వాళ్ల కొడుకు ఎడ్వర్డ్ ఎమర్సన్ రెబెకా వాల్డోని చేసుకున్నాడు. వాళ్ల కొడుకు జోసెఫ్. ఆయన కొడుకు విలియం, 1775లో కాంకర్డ్ వంతెన దగ్గర స్వాతంత్ర్య యుద్ధపు తొలి రోజు కాల్పులు తన ఇంటి దగ్గర నుంచే చూసినాయన. ఆయన కొడుకు ఇంకో విలియం. ఆయన కొడుకు రాల్ఫ్ వాల్డో ఎమర్సన్, 1803లో పుట్టిన కవి. ఎనిమిదో తరం.

మీరు గమనించారా? బల్క్‌లీ నుంచి ఎమర్సన్‌కి వంశం కూతురి మీదుగా వచ్చింది. మనం ఇంట్లో గీసుకునే చెట్టు పద్ధతిలో అయితే మూడో తరంలో ఎలిజబెత్ దగ్గర గీత ఆగిపోయేది, ఇంటిపేరు మారింది కాబట్టి. నేను టైప్ చేసిన వంశవృక్షంలో కూడా తాతగారి కింద రెండు పేర్లే ఉన్నాయి, నాన్న, బాబాయి. అత్తయ్య లేదు. నాకు ఇచ్చిన చేతిరాత కాగితంలోనే లేదు. హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టేస్తుందిలే అని అందరూ అనుకుంటున్నారు. అత్తయ్యని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఎమర్సన్ 1834లో పెద్దల ఊరికి తిరిగొచ్చాడు. మరుసటేడు ఊరికి రెండొందల ఏళ్లు నిండాయి. ఆ ఉత్సవంలో ప్రసంగం ఈయనదే. దానికోసం ఊరి పాత రికార్డులన్నీ కూర్చుని చదివాడు. పూర్వీకుల పేర్లు, ఎకరాలు, సరిహద్దులు. 1844లో వాల్డెన్ చెరువు పక్కన పద్నాలుగు ఎకరాల దాకా తనే కొన్నాడు. మరుసటేడు ఆ నేలలోనే థోరో గుడిసె వేసుకున్నాడు. ఆ 1845లోనే ఎమర్సన్ విల్సన్ ఇంగ్లీషులోకి తెచ్చిన విష్ణుపురాణం చదివి, భూమి పాట ఉన్న భాగాన్ని డైరీలో ఎత్తిరాసుకున్నాడు. దాన్నుంచి పుట్టిన కవితే హమాత్రేయ. పేరులో మైత్రేయుడు కనిపిస్తున్నాడు కదా. కవితలో కాంకర్డ్ తొలి రైతులు తమ పొలాల్లో తిరుగుతూ ఇది నాది, నా పిల్లలది అని మురిసిపోతుంటారు. తర్వాత భూమి పాడుతుంది. వాళ్లు నన్ను ఉంచుకుందామనుకున్నారు, వాళ్లే ఉండలేదు అని.

నన్ను ఆపేసిన విషయం ఇంకొకటి. మొదట అచ్చయినప్పుడు కవిత ఆరంభంలోని పేర్లలో విల్లర్డ్, మెరియమ్ లాంటివాళ్లున్నారు గానీ బల్క్‌లీ లేడు. తర్వాతి ముద్రణలో ఎమర్సన్ ఆ వరస మార్చి, అన్నిటికంటే ముందు బల్క్‌లీ పేరు చేర్చాడు. భూమి నవ్వే మనుషుల జాబితాలో తన తాతల తాతని మొదట నిలబెట్టాడు. ఆ నవ్వు విన్నంత మాత్రాన తను కొన్న చెరువుగట్టు నేల మాత్రం వదులుకోలేదు లెండి. పోతన భాగవతంలో బలి కూడా, పోయిన రాజులెవరూ ఏమీ కట్టుకుపోలేదని శుక్రాచార్యుడికి చెప్తాడు. కాకపోతే ఆయన ఆ మాటన్నాక నిజంగానే ఇచ్చేశాడు.

కాంకర్డ్ నుంచి తిరిగి వచ్చే రైల్లో లాప్‌టాప్ తీసి ఫైల్ తెరిచాను. తాతగారి కింద మూడో గడి పెట్టి అత్తయ్య పేరు రాశాను, దాని కింద ఆవిడ ఇద్దరు కూతుళ్ల పేర్లు. నాన్నకి వాట్సాప్‌లో పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. రెండు రోజులు నాన్న ఫోన్ చేయలేదు. మూడో రోజు చేసి, అత్తయ్య చిన్న కూతురి పేరులో దీర్ఘం తప్పు పడింది, సరిచేసి మళ్లీ పంపమన్నారు.