బూర్గుల రామకృష్ణారావు
బూర్గుల రామకృష్ణారావు (1899 - 1967) హైదరాబాదు రాష్ట్రానికి ఎన్నికైన ముఖ్యమంత్రి, బహుభాషావేత్త. మహబూబ్ నగర్ జిల్లా కల్వకుర్తి ప్రాంతంలోని పడకల్ గ్రామంలో జన్మించాడు. ఇంటిపేరు పుల్లంరాజు అయినా స్వగ్రామం పేరుతోనే ప్రసిద్ధుడయ్యాడు. పూణె ఫెర్గూసన్ కళాశాలలో చదివి, హైదరాబాదులో న్యాయవాదిగా స్థిరపడ్డాడు.

1950లో వెల్లోడి మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా చేరి, ఆ ఏటి కౌలుదారీ చట్టం అమలుకు పూనుకున్నాడు. అప్పట్లో గ్రామ లెక్కలు పట్వారీ చేతిలో ఉండేవి. ఒక ఏడు పహాణీలో ఉన్న సాగుదారు పేరు మరుసటి ఏడు లేకపోతే, ఎవరు ఎందుకు తీసివేశారో నిరూపించడం పేద రైతుకు దుర్లభం. చట్టం క్రింద రక్షిత కౌలుదారుల పేర్లను విడిగా రిజిస్టరు చేశారు. భూమి చేతులు మారినంత మాత్రాన వారి హక్కు పోదు.

ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలోనే (1952-56) 1954-55 నాటి ఖాస్రా పహాణీ తయారయింది. సర్వే నంబరు వారీగా పట్టాదారు, అనుభవదారు పేర్లు అందులో ఉన్నాయి. నల్గొండ, మహబూబ్ నగర్ ప్రాంతాల భూతగాదాలలో పేరు ఎక్కడ మారిందో తేల్చడానికి, కంప్యూటరు రికార్డులు వచ్చాక కూడా, తరువాతి లెక్కలను దీనితో పోల్చి చూస్తారు. తెరపై చివరి పేరు ఒక్కటే కనిపించే చోట ఈ పాత కాగితాల విలువ మరీ ఎక్కువ.

1956లో ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడినపుడు పదవి వదిలి, కేరళకు, తరువాత ఉత్తర ప్రదేశ్‌కు గవర్నరుగా పనిచేశాడు.