డాక్టర్ అన్నా సారా కుగ్లర్

ప్రసవం స్త్రీకి పునర్జన్మ అని మన పెద్దలు చెబుతారు. ఆ మాట వెనుక ఎన్ని తరాల తల్లుల వేదన దాగి ఉన్నదో నేటి యువతకు అంతగా తెలియదు. పందొమ్మిదవ శతాబ్దంలో కాన్పులు ఇంటిలోనే, మంత్రసాని చేతుల మీదుగానే జరిగేవి. బిడ్డ అడ్డం తిరిగినా, రక్తస్రావం ఆగకపోయినా చేయగలిగినది స్వల్పం. వైద్యుడు అందుబాటులో ఉన్నప్పటికీ పురుషుడు కావడం చేత, ఘోషా పాటించే కుటుంబాల స్త్రీలు అతని ఎదుటికి వచ్చేవారు కారు. అటువంటి కాలంలో గుంటూరు ప్రాంత స్త్రీలకు ప్రాణరక్షకురాలై నిలిచిన వైద్యురాలు డాక్టర్ అన్నా సారా కుగ్లర్.

ఆమె 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో జన్మించారు. వైద్యవిద్యకు స్త్రీలు అర్హులు కారని లోకం భావించే రోజులవి. ఫిలడెల్ఫియా నగరంలో స్త్రీల కొరకే నెలకొల్పిన వైద్య కళాశాలలో చదివి, 1879లో ఆమె పట్టభద్రురాలయ్యారు. మన ఆనందీబాయి జోషి 1886లో వైద్యపట్టం పొందినది కూడా ఈ కళాశాలలోనే.

భారతదేశంలో వైద్యురాలి అవసరం ఎంతగా ఉన్నదో గ్రహించిన కుగ్లర్, తనను అక్కడికి పంపవలసినదిగా లూథరన్ మహిళా సంఘాన్ని అర్థించారు. సంఘం వైద్యసేవకు ఇంకా సంసిద్ధంగా లేదు. ఉపాధ్యాయినిగా మాత్రమే పంపడానికి అంగీకరించింది. ఆమె నిరాశ చెందలేదు. ఆ పదవినే స్వీకరించి, మందులను మాత్రం వెంట తెచ్చుకొని 1883లో గుంటూరు చేరారు.

నియామకం బోధనకే అయినా, రోగపీడితులు ఆమెను వెదకుకొంటూ వచ్చారు. వారికి తన నివాసంలోనూ, వారి ఇళ్లలోనూ ఆమె చికిత్స చేశారు. ఆ సేవను గుర్తించిన సంఘం 1885లో ఆమెను వైద్యురాలిగా నియమించింది. మరుసటి సంవత్సరం ఒక చిన్న మందులశాల ప్రారంభమైంది. అయితే కష్టమైన కాన్పుకు మందు ఒక్కటే చాలదు; పడక కావాలి, శస్త్రచికిత్స చేసే గది కావాలి, రేయింబవళ్లు కనిపెట్టి ఉండే నర్సులు కావాలి. అందుకై ఆమె స్వదేశానికి వెళ్లి విరాళాలు సేకరించారు. ఎట్టకేలకు 1898లో గుంటూరులో 50 పడకల ఆసుపత్రి వెలసింది. అప్పటికి ఆమె వచ్చి సుమారు పదిహేనేళ్లయింది.

ఆసుపత్రి గడప తొక్కడానికి జంకిన కుటుంబాలే క్రమంగా తమ ఆడపడుచులను పురిటికి అక్కడికి తీసుకొని రాసాగాయి. ఏలూరు రాజా భార్యకు కుగ్లర్ పురుడు పోశారు. అందుకు కృతజ్ఞతగా రాజావారు రోగుల బంధువులు బస చేయడానికి ఒక సత్రం కట్టించారు. 1905లో ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకంతో ఆమెను గౌరవించింది.

తాను సేవించిన గుంటూరులోనే 1930 జులై 26న కుగ్లర్ కన్నుమూశారు. ఆమె ఆసుపత్రి కుగ్లర్ ఆసుపత్రిగా ప్రసిద్ధి పొందింది.

చేతిలో విద్య ఉండి కూడా దానిని వినియోగించే అవకాశం లభించనప్పుడు చాలామంది వెనుదిరుగుతారు. కుగ్లర్ దొరికిన చిన్న పనిని చేపట్టి, తన విద్యకు తావు తానే కల్పించుకొన్నారు. ఆమె ఓర్పు ఫలితంగా ఎందరో తల్లులు పునర్జన్మ పొందారు.