పెరిక్లీసు

పెరిక్లీసు (సుమారు క్రీ.పూ. 495 – క్రీ.పూ. 429) ప్రాచీన గ్రీసు నగరరాజ్యాలలో ఒకటైన ఏథెన్సుకు చెందిన రాజనీతిజ్ఞుడు, వక్త, సేనాధిపతి. సుమారు మూడు దశాబ్దాల పాటు ఏథెన్సు రాజకీయాలలో ప్రముఖ పాత్ర వహించాడు. ఇతని కాలంలో ఏథెన్సు ప్రజాస్వామ్యం పేద పౌరులకు కూడా అందుబాటులోకి వచ్చింది. పార్థినాన్ ఆలయం నిర్మించబడింది. నాటకం, శిల్పం, తత్వశాస్త్రం ఉన్నతస్థాయికి చేరుకున్నాయి. అందువలన చరిత్రకారులు ఈ కాలాన్ని పెరిక్లీసు యుగం అని వ్యవహరిస్తారు. అయితే ఈ వైభవానికి అవసరమైన ధనంలో అధికభాగం మిత్రరాజ్యాల నుండి వసూలు చేసిన కప్పం ద్వారా సమకూరింది. ఇతని నాయకత్వంలోనే ఏథెన్సు స్పార్టాతో యుద్ధానికి దిగి, చివరకు తన సామ్రాజ్యాన్ని కోల్పోయింది.

నేపథ్యం

క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీసు ఒకే దేశంగా ఉండేది కాదు. వందలాది నగరరాజ్యాలుగా విడిపోయి ఉండేది. భాష, దేవతలు, ఒలింపిక్ క్రీడలు అందరికీ ఉమ్మడివైనా, ప్రతి నగరానికీ తన సొంత చట్టాలు, సైన్యం ఉండేవి. వీటిలో ఏథెన్సు, స్పార్టా, కోరింత్, థీబ్స్ ముఖ్యమైనవి. ఏథెన్సు పాలనలోని అట్టికా ప్రాంత విస్తీర్ణం సుమారు 2,500 చదరపు కిలోమీటర్లు మాత్రమే. తెలంగాణలోని వికారాబాదు జిల్లా (3,386 చ.కి.మీ.) దీనికంటే పెద్దది.

పెరిక్లీసు బాల్యంలో గ్రీకులకు, పర్షియా సామ్రాజ్యానికి మధ్య యుద్ధాలు జరిగాయి. క్రీ.పూ. 490లో మారథాన్ మైదానంలో ఏథెన్సు సైన్యం పర్షియన్లను ఓడించింది. ఈ మైదానం ఏథెన్సుకు సుమారు 40 కి.మీ. దూరంలో ఉంది. ఇది దాదాపుగా వికారాబాదు నుండి తాండూరుకు గల రైలు మార్గమంత దూరం. క్రీ.పూ. 480లో పర్షియన్లు మళ్ళీ దండెత్తి ఏథెన్సు నగరాన్ని, అక్రోపోలిస్ కొండపై గల ఆలయాలను తగులబెట్టారు. అదే సంవత్సరం సలామిస్ వద్ద గ్రీకు నౌకాదళం విజయం సాధించింది. ఏథెన్సుకు రక్షణ ఇకపై నౌకలే అన్న అభిప్రాయం ఈ విజయంతో బలపడింది.

బాల్యము, విద్యాభ్యాసము

పెరిక్లీసు సంపన్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి క్సాంతిప్పస్ క్రీ.పూ. 484లో నగర బహిష్కరణకు గురై, పర్షియా దండయాత్ర సమయంలో తిరిగి పిలిపించబడ్డాడు. క్రీ.పూ. 479లో మైకేలీ యుద్ధంలో ఏథెన్సు సేనలకు నాయకత్వం వహించాడు. తల్లి అగరిస్తే ప్రసిద్ధమైన అల్క్‌మియోనిడ్ వంశానికి చెందినది. ఏథెన్సు ప్రజాస్వామ్యానికి పునాది వేసిన క్లీస్తెనీస్ ఈమెకు పినతండ్రి వరుస. పెరిక్లీసు పుట్టడానికి కొద్దిరోజుల ముందు తాను సింహాన్ని ప్రసవించినట్లు ఈమెకు కల వచ్చిందని హెరొడోటస్ వ్రాశాడు.

పెరిక్లీసుకు డామన్ సంగీతం నేర్పాడు. తత్వవేత్త అనాక్సాగొరస్ సాహచర్యం ఇతనిపై ఎక్కువ ప్రభావం చూపింది. గ్రహణాల వంటి సంఘటనలను దేవతల ఆగ్రహంగా కాక, సహజ కారణాలతో వివరించడం ఈ తత్వవేత్త పద్ధతి. పెరిక్లీసు తల సాధారణం కంటే పొడవుగా ఉండేదని, అందుకే శిల్పులు ఇతనిని శిరస్త్రాణంతో చూపారని ప్లూటార్కు పేర్కొన్నాడు. హాస్యనాటక రచయితలు దీనిని వేదికపై ఎగతాళి చేసేవారు.

ఇతని ప్రజాజీవితంలో తెలియవస్తున్న మొదటి సంఘటన నాటకరంగానికి సంబంధించినది. క్రీ.పూ. 472లో ఈస్కిలస్ రచించిన పర్షియన్లు నాటక ప్రదర్శనకు పెరిక్లీసు ఖర్చు భరించాడు. ఏథెన్సులో ధనవంతులు ఇటువంటి ఖర్చులు భరించడం పౌరధర్మంగా ఉండేది.

రాజకీయ ప్రవేశము

ఆ కాలంలో ఏథెన్సులో ప్రముఖ నాయకుడు సైమన్. ఇతడు స్పార్టాతో స్నేహాన్ని కోరేవాడు. ఎఫియాల్టిస్ అనే నాయకుడు, అతనికి తోడుగా పెరిక్లీసు, ఇందుకు భిన్నమైన పక్షం వహించారు. క్రీ.పూ. 462లో వీరు మాజీ ఉన్నతాధికారులతో కూడిన ఏరియోపాగస్ సభ అధికారాలను చాలావరకు తొలగించి, వాటిని ప్రజాసభకు, ఐదువందల మంది మండలికి, ప్రజా న్యాయస్థానాలకు అప్పగించారు. క్రీ.పూ. 461లో సైమన్ బహిష్కరించబడ్డాడు. అదే సంవత్సరం ఎఫియాల్టిస్ హత్యకు గురయ్యాడు. దీనితో ప్రజాస్వామ్య పక్షానికి పెరిక్లీసు నాయకుడయ్యాడు.

బహిష్కరణ పద్ధతిలో పౌరులు తమకు ప్రమాదకరంగా తోచిన వ్యక్తి పేరును కుండపెంకుపై గీసి వేసేవారు. మొత్తం 6,000 పెంకులు వచ్చినపుడే ఆ ఓటింగు చెల్లుతుంది. ఎక్కువ పెంకులపై పేరున్న వ్యక్తి పది సంవత్సరాలు నగరం విడిచి వెళ్ళాలి. అతని ఆస్తి, పౌరసత్వం మాత్రం పోవు.

ప్రజాస్వామ్య సంస్కరణలు

న్యాయస్థానాలలో కూర్చునే పౌరులకు రోజుభత్యం ఇవ్వడం పెరిక్లీసు ప్రవేశపెట్టిన ముఖ్యమైన సంస్కరణ. అప్పటివరకు ఒకరోజు పని మానుకుంటే ఆ రోజు తిండికి ఇబ్బందిపడే వ్యక్తి న్యాయసభకు రాగలిగేవాడు కాదు. రెండు ఓబోల్ల భత్యం స్వల్పమే అయినా, పాలనలో పాల్గొనే హక్కును పేదవాడు ఉపయోగించుకోవడానికి అది వీలు కల్పించింది. మరొక కారణం కూడా ఉంది. ట్రైరీమ్ అనే యుద్ధనౌకలో 170 మంది తెడ్లు వేసేవారు. వీరిలో చాలామంది భూమి లేని పౌరులు. నగరరక్షణ వీరి భుజబలంపై ఆధారపడినందువలన పాలనలో వీరి మాటకు విలువ పెరిగింది.

అధికారులలో ఎక్కువమందిని చీట్లు వేసి ఎంపిక చేసేవారు. పదిమంది సేనాధిపతులను మాత్రం ప్రతి సంవత్సరం ఓటు ద్వారా ఎన్నుకునేవారు. పెరిక్లీసు అధికారమంతా ఈ సేనాధిపతి పదవి ద్వారా లభించినదే. ఇతడు రాజు కాడు. ప్రజాసభ ముందు మాట్లాడి, పౌరులను ఒప్పించి, మరుసటి సంవత్సరం మళ్ళీ ఎన్నిక కావలసి ఉండేది.

ఈ ప్రజాస్వామ్యానికి పరిమితులు ఉన్నాయి. స్త్రీలకు, బానిసలకు, ఇతర నగరాల నుండి వచ్చి స్థిరపడిన వారికి ఓటు లేదు. క్రీ.పూ. 451లో పెరిక్లీసు ప్రతిపాదించిన చట్టం పౌరసత్వాన్ని మరింత కుదించింది. దీని ప్రకారం తల్లి, తండ్రి ఇరువురూ ఏథెన్సు పౌర కుటుంబాలకు చెందినవారైతేనే సంతానానికి పౌరసత్వం లభిస్తుంది. తరువాత ఈజిప్టు నుండి కానుకగా వచ్చిన ధాన్యాన్ని పంచే సందర్భంలో జరిగిన పరిశీలనలో దాదాపు 5,000 మంది అనర్హులుగా తేలినట్లు ప్లూటార్కు వ్రాశాడు.

మిత్రకూటమి నుండి సామ్రాజ్యం

పర్షియాను ఎదుర్కొనడానికి క్రీ.పూ. 478లో ఏథెన్సు నాయకత్వంలో అనేక నగరాలు డీలోస్ కూటమిగా ఏర్పడ్డాయి. సభ్యనగరాలు నౌకలు గాని, ధనం గాని ఇవ్వాలి. మొదటి కప్పం మొత్తం 460 టాలెంట్లు అని చరిత్రకారుడు థూసిడైడిస్ తెలిపాడు. ఒక టాలెంటు సుమారు 26 కిలోగ్రాముల వెండితో సమానం. క్రమంగా చాలా నగరాలు నౌకలకు బదులు ధనమే చెల్లించసాగాయి. ఆ ధనంతో ఏథెన్సు తన నౌకాదళాన్ని పెంచుకున్నది.

క్రీ.పూ. 454లో కూటమి ఖజానాను డీలోస్ ద్వీపం నుండి ఏథెన్సుకు మార్చారు. పర్షియా ముప్పు తగ్గిన తరువాత కూడా కప్పం ఆగలేదు. కూటమిని విడిచిపోవడానికి ప్రయత్నించిన నగరాలను ఏథెన్సు బలవంతంగా లొంగదీసింది. క్రీ.పూ. 446లో యుబోయియా ద్వీపం తిరుగుబాటును పెరిక్లీసు స్వయంగా అణచివేశాడు. అదే శీతాకాలంలో స్పార్టాతో ముప్ఫై సంవత్సరాల శాంతి ఒప్పందం కుదిరింది. క్రీ.పూ. 440లో సామోస్ ద్వీపం ఎదురు తిరిగినపుడు దాదాపు తొమ్మిది నెలల ముట్టడి తరువాత దానిని లొంగదీసి, కోటగోడలు పడగొట్టించి, నౌకలను స్వాధీనం చేసుకున్నాడు. ఈ యుద్ధకాలంలో ఇతనితోపాటు సేనాధిపతులుగా ఎన్నికైన వారిలో నాటకకర్త సోఫోక్లీస్ ఒకడు.

పార్థినాన్ మరియు ఇతర నిర్మాణాలు

పర్షియన్లు తగులబెట్టిన ఆలయాల స్థానంలో అక్రోపోలిస్‌పై కొత్త నిర్మాణాలు చేపట్టాలని పెరిక్లీసు ప్రతిపాదించాడు. పార్థినాన్ నిర్మాణం క్రీ.పూ. 447లో మొదలైంది. క్రీ.పూ. 438 నాటికి ఆలయం సిద్ధమైనా, శిల్పాల పని క్రీ.పూ. 432 వరకు సాగింది. ఇక్టినస్, కల్లిక్రాటిస్ దీని వాస్తుశిల్పులు. శిల్పి ఫిడియాస్ దంతము, బంగారములతో సుమారు 12 మీటర్ల ఎత్తైన ఎథీనా దేవి విగ్రహం చేశాడు. అక్రోపోలిస్ ప్రవేశద్వారమైన ప్రొపిలేయాను మ్నెసిక్లీస్ నిర్మించాడు.

ఆలయానికి కావలసిన పాలరాయిని పెంటెలికస్ కొండ నుండి తెచ్చారు. పాలరాయి భూగర్భంలోని వేడికి, ఒత్తిడికి సున్నపురాయి రూపాంతరం చెందగా ఏర్పడుతుంది. తాండూరు పరిసరాలలో లభించే నాపరాయి కూడా సున్నపురాయి జాతిదే. అయితే ఆ మార్పు చెందనందువలన అది పొరలుగా చీలి, నేలపై పరిచే బండలుగా ఉపయోగపడుతుంది. పాలరాయిలో పొరలు లేవు కనుక దానిని ఏ వైపు నుండైనా చెక్కవచ్చు. పార్థినాన్ శిల్పాల సున్నితత్వానికి ఇది ఒక కారణం.

ఈ నిర్మాణాల ఖర్చుపై ప్రజాసభలో తీవ్రమైన వాదోపవాదాలు జరిగాయి. మెలెసియస్ కుమారుడైన థూసిడైడిస్ (చరిత్రకారుడు వేరు) ప్రతిపక్ష నాయకుడు. పర్షియాతో యుద్ధం కోసం మిత్రులు ఇచ్చిన ధనంతో ఏథెన్సు తనను తాను అలంకరించుకుంటున్నదని ఆ పక్షం ఆక్షేపించింది. మిత్రులకు రక్షణ కల్పిస్తున్నంతవరకు ఆ ధనానికి లెక్క చెప్పనవసరం లేదని, ఈ పనులు నగరంలోని చేతివృత్తుల వారందరికీ ఉపాధి కల్పిస్తాయని పెరిక్లీసు వాదించినట్లు ప్లూటార్కు వ్రాశాడు. కప్పం చెల్లించే నగరాలకు ఆ సభలో ఓటు లేదు. క్రీ.పూ. 443లో ప్రతిపక్ష నాయకుడు బహిష్కరించబడ్డాడు. ఆ తరువాత పెరిక్లీసు ప్రతి సంవత్సరం సేనాధిపతిగా ఎన్నికవుతూ వచ్చాడు.

కుటుంబము

పెరిక్లీసుకు మొదటి భార్య వలన క్సాంతిప్పస్, పారలస్ అను ఇద్దరు కుమారులు కలిగారు. ఆ వివాహం విచ్ఛిన్నమైన తరువాత మిలేటస్ నగరం నుండి వచ్చిన అస్పాసియాతో కలిసి జీవించాడు. ఈమె విద్యావంతురాలు, సంభాషణాచతురురాలు. వీరి కుమారునికి కూడా పెరిక్లీసు అనే పేరు పెట్టారు. అస్పాసియా ఏథెన్సు స్త్రీ కానందున, తండ్రి చేసిన చట్టం ప్రకారమే ఈ కుమారునికి పౌరసత్వం లేదు. పెరిక్లీసును నేరుగా ఎదుర్కొనలేని ప్రత్యర్థులు అతని సన్నిహితులైన ఫిడియాస్, అనాక్సాగొరస్, అస్పాసియాలపై అభియోగాలు మోపారని ప్రాచీన రచనల ద్వారా తెలుస్తున్నది.

పెలొపొనీషియన్ యుద్ధము

ఏథెన్సు బలం పెరగడం స్పార్టాకు భయం కలిగించిందని, యుద్ధానికి అసలు కారణం అదేనని థూసిడైడిస్ అభిప్రాయం. కోర్సైరా, పొటిడియా నగరాల విషయంలో కోరింత్‌తో వచ్చిన తగాదాలు, మెగారా వ్యాపారులను ఏథెన్సు రేవుల నుండి నిషేధించిన శాసనం తక్షణ కారణాలయ్యాయి. మెగారా శాసనాన్ని రద్దు చేయమని స్పార్టా కోరగా, పెరిక్లీసు సలహాపై ఏథెన్సు నిరాకరించింది. క్రీ.పూ. 431లో యుద్ధం మొదలైంది.

స్పార్టా పదాతిదళం గ్రీసులో అత్యంత బలమైనది. ఏథెన్సు బలం నౌకాదళంలో, ధనంలో ఉంది. అప్పటికి అక్రోపోలిస్‌పై 6,000 టాలెంట్ల వెండి నాణేలు నిల్వ ఉండగా, మిత్రరాజ్యాల నుండి ఏటా సగటున 600 టాలెంట్లు వచ్చేవి. అందువలన భూమిపై యుద్ధం చేయరాదని పెరిక్లీసు నిర్ణయించాడు. అట్టికా గ్రామాల ప్రజలు ఇళ్ళు, పొలాలు విడిచి నగరగోడల లోపలికి రావాలి. పిరేయస్ రేవుకు నగరాన్ని కలిపే పొడవైన గోడల మధ్యగా ఆహారధాన్యాలు వస్తాయి. నౌకాదళం శత్రుతీరాలపై దాడులు చేస్తుంది. శత్రువు విసిగిపోయేవరకు వేచి ఉండాలన్నది ఈ వ్యూహం.

స్పార్టా రాజు ఆర్కిడమస్ పెరిక్లీసుకు పాతమిత్రుడు. అతడు తన పొలాలను మాత్రం నాశనం చేయకుండా వదిలివేస్తే ప్రజలకు అనుమానం కలుగవచ్చునని తలచి, అలా జరిగితే వాటిని నగరానికి ఇచ్చివేస్తానని పెరిక్లీసు ముందుగానే ప్రకటించాడు. ఆ శీతాకాలంలో యుద్ధమృతుల అంత్యక్రియలలో ఇతడు చేసిన ప్రసంగం థూసిడైడిస్ గ్రంథం ద్వారా ప్రసిద్ధి చెందింది.

మహమ్మారి, మరణము

క్రీ.పూ. 430లో పిరేయస్ రేవు ద్వారా ఒక అంటువ్యాధి నగరంలోకి ప్రవేశించింది. గ్రామాల నుండి వచ్చినవారు ఎండాకాలంలో గాలి ఆడని గుడిసెలలో కిక్కిరిసి నివసిస్తున్నందువలన వ్యాధి తీవ్రంగా వ్యాపించింది. శత్రువు నుండి రక్షించడానికి చేసిన ఏర్పాటే వ్యాధికి అనుకూలించింది. కొన్ని సంవత్సరాలలో భారీ ఆయుధాలు ధరించే పదాతులలోనే 4,400 మంది, ఆశ్వికులలో 300 మంది చనిపోయారని థూసిడైడిస్ నమోదు చేశాడు. ఇతర ప్రజలలో మృతుల సంఖ్య లెక్కకు అందలేదు. థూసిడైడిస్ స్వయంగా ఈ వ్యాధికి గురై కోలుకున్నాడు. ఇది ఏ వ్యాధి అనే విషయంలో నేటికీ ఏకాభిప్రాయం లేదు.

ఆగ్రహించిన ప్రజలు పెరిక్లీసును పదవి నుండి తొలగించి జరిమానా విధించారు. కొద్దికాలానికే మళ్ళీ సేనాధిపతిగా ఎన్నుకున్నారు. ఇంతలో ఇతని పెద్ద కుమారులిద్దరూ వ్యాధితో మరణించారు. వంశం నిలవడానికి అస్పాసియా కుమారునికి పౌరసత్వం ఇవ్వవలసిందిగా ఇతడు ప్రజాసభను అభ్యర్థించాడు. తాను చేసిన చట్టం నుండి తన కుమారునికే మినహాయింపు కోరవలసి వచ్చింది. పౌరులు అంగీకరించారు. క్రీ.పూ. 429లో పెరిక్లీసు కూడా మరణించాడు. వ్యాధే కారణమని ప్లూటార్కు తెలిపాడు.

అనంతర పరిణామాలు

యుద్ధం మరో 25 సంవత్సరాలు సాగింది. పౌరసత్వం పొందిన చిన్న పెరిక్లీసు పెద్దవాడై సేనాధిపతిగా ఎన్నికయ్యాడు. క్రీ.పూ. 406లో ఆర్గినూసే నౌకాయుద్ధంలో ఏథెన్సు గెలిచింది. కాని తుఫాను వలన మునిగిన నౌకలలోని వారిని రక్షించలేకపోయారన్న నేరంపై ప్రజాసభ సేనాధిపతులకు మరణశిక్ష విధించింది. శిక్ష అమలైన ఆరుగురిలో చిన్న పెరిక్లీసు ఒకడు. అందరిపై ఒకే తీర్పు ఇవ్వడం చట్టవిరుద్ధమని ఆనాడు సభను నిర్వహించే వారిలో ఉన్న సోక్రటీసు వ్యతిరేకించినా ఫలితం లేకపోయింది. క్రీ.పూ. 404లో ఏథెన్సు స్పార్టాకు లొంగిపోయింది. పొడవైన గోడలు కూల్చివేయబడ్డాయి.

పార్థినాన్ తరువాతి కాలంలో చర్చిగా, మసీదుగా మారింది. 1687లో వెనిస్ సైన్యం ముట్టడిలో, ఆలయంలో నిల్వచేసిన తుపాకిమందు పేలి మధ్యభాగం ధ్వంసమైంది. 19వ శతాబ్దం ఆరంభంలో ఎల్గిన్ ప్రభువు తరలించిన శిల్పాలను 1816లో బ్రిటిష్ ప్రభుత్వం కొనుగోలు చేసింది. వాటిని తిరిగి ఇవ్వాలని గ్రీసు కోరుతూ ఉంది. అక్రోపోలిస్ 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందింది.

చరిత్రకారుల అభిప్రాయాలు

పెరిక్లీసు లంచానికి లొంగనివాడని, ప్రజలను పొగడి గాక నచ్చజెప్పి నడిపించాడని థూసిడైడిస్ ప్రశంసించాడు. ఇతని తరువాత వచ్చిన నాయకులు వ్యూహాన్ని విడిచిపెట్టినందువలననే ఓటమి కలిగిందని భావించాడు. ప్లేటో మాత్రం భత్యాల వలన పౌరులు సోమరులుగా, అత్యాశాపరులుగా మారారనే విమర్శను తన రచనలో పొందుపరిచాడు. ఆధునిక చరిత్రకారులు ఇతని పాలనను రెండు వైపుల నుండి పరిశీలిస్తున్నారు. పేద పౌరునికి పాలనలో స్థానం కల్పించినది, స్వేచ్ఛ కోరిన సామోస్ గోడలు పడగొట్టినది ఒకే ప్రజాసభ. రెండింటికీ నాయకత్వం వహించినది పెరిక్లీసే.