పాటలు పోగుచేసిన పోలీసు అధికారి ఫ్రాన్సిస్ ఓనీల్

ఐర్లండ్‌లోని కార్క్ ప్రాంతంలో బాంట్రీ పట్టణానికి దగ్గరగా ట్రాలిబేన్ అనే పల్లె ఉంది. 1848లో అక్కడ ఒక రైతు కుటుంబంలో ఫ్రాన్సిస్ ఓనీల్ పుట్టారు. బంగాళాదుంప పంటకు తెగులు సోకి లక్షలాది మంది ఆకలితో చనిపోయిన రోజులవి. ఇంకెందరో దేశం విడిచి వలస పోయారు. వాళ్లతో పాటే పాటలూ పోయాయి.

ఓనీల్ చిన్నతనంలోనే ఊళ్లో వేణువు నేర్చుకున్నారు. పదహారేళ్లకు ఇల్లు వదిలి ఓడ పనిలో చేరారు. పసిఫిక్ సముద్రంలో ఒకసారి ఓడ పగిలిపోయింది. కాపాడిన ఓడలో అందరికీ తిండి కరువే. అందులోని హవాయి నావికుడి దగ్గర వేణువు ఉంటే, ఓనీల్ దాన్ని వాయించి వినిపించారు. ఆ నావికుడు సంతోషించి తన తిండిలో వాటా పెట్టాడు.

1873లో ఆయన అమెరికాలోని షికాగోలో పోలీసుగా చేరారు. కొద్ది రోజులకే ఒక దొంగ కాల్చిన తూటా తగిలింది. అయినా ఉద్యోగం వదలలేదు. 1901లో ఆ నగర పోలీసు శాఖకే అధిపతి అయ్యారు.

షికాగోలో ఐర్లండ్ నలుమూలల నుంచి వచ్చినవారు ఉండేవారు. ఒక్కో ప్రాంతం వారిది ఒక్కో బాణీ. పెద్దలు కన్నుమూస్తే ఆ బాణీలు కూడా పోతాయని ఓనీల్‌కు అర్థమైంది. ఆయనకు బాణీలు బాగా గుర్తుండేవి గానీ, స్వరాలు రాయడం రాదు. తన శాఖలోనే పనిచేసే ఫిడేలు వాద్యకారుడు జేమ్స్ ఓనీల్ సాయం తీసుకున్నారు. ఈయన వినిపిస్తే ఆయన రాసేవారు.

అలా 1903లో 1850 బాణీలతో ఒక పుస్తకం, 1907లో 1001 నాట్య బాణీలతో మరొకటి వచ్చాయి. 1913లో వాద్యకారుల జీవితాలనూ గ్రంథస్థం చేశారు. కాగితం మీది స్వరాల్లో వాయించేవాడి ఒడుపు అంతా రాదు. అందుకే కొందరి వాదనను మైనపు గొట్టాల మీద రికార్డు కూడా చేయించారు.

1936లో ఓనీల్ మరణించారు. 1951లో ఐర్లండ్‌లో సంప్రదాయ సంగీతం కోసం సంఘం ఏర్పడి, ఊరూరా ఉత్సవాలు మొదలయ్యాయి. ఆ వెలుగు ఆయన చూడలేదు. కానీ నేర్చుకునేవారి చేతిలో ఆయన పుస్తకమే ఉండేది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఓనీల్ సంగీత పండితుడు కాదు, ఉద్యోగం చేసుకుంటూనే ఈ పని చేశారు. మన చేతిలో ఫోన్ ఉంది. ఈ వారం ఊరికి వెళ్లినప్పుడు అవ్వ పక్కన కూర్చుని ఒక్క పాట రికార్డు చేయండి. ఎవరు పాడారో, ఏ పండుగకు పాడతారో కూడా రాసి పెట్టండి. అంతకన్నా ముఖ్యం, ఆ పాట మీరూ నేర్చుకోండి.