దీక్ష తీసుకున్న మర్నాటి నుంచి: పండిత అయోతీదాస్ జీవితం

 

మీరు దీక్ష తీసుకున్న రోజు మీకు బాగా గుర్తుండే ఉంటుంది. తెల్లబట్టలు కట్టుకొని, త్రిశరణాలు, పంచశీల చెప్పుకొని, 22 ప్రతిజ్ఞలు చేసి ఇంటికొచ్చారు. మర్నాడు పొద్దున లేస్తే అదే వీధి, అదే కూలి, అదే చుట్టాలు. పంతులు లేకుండా పెళ్లేమిటి అని అత్తగారు అడుగుతుంది. అద్దె ఇంటికి వెళితే మీరేమిట్లు అని ఓనరు అడుగుతాడు. పిల్లాడికి జ్వరమొస్తే తాయెత్తు కట్టించమని పక్కింటామె చెబుతుంది. దీక్ష ఒక్కరోజులో అయిపోతుంది. ధమ్మం నిలవాల్సింది ఈ మర్నాళ్లలో.

ఆ మర్నాళ్లను పదహారేళ్లపాటు నడిచి చూపించిన ఒక పెద్దాయన గురించి ఈసారి చెప్పుకుందాం. ఆయన పండిత అయోతీదాస్. బాబాసాహెబ్ నాగపూర్‌లో దీక్ష తీసుకోవడానికి 58 ఏళ్ల ముందే, 1898లోనే బుద్ధుని శరణు వెళ్లినవారు.

అయోతీదాస్ 1845 మే 20న మద్రాసు రాజధానిలో, అంటరానివాళ్లని ఊరి బయట ఉంచిన పరయ కులంలో పుట్టారు. ఇంట్లోవాళ్లు పెట్టిన పేరు కాత్తవరాయన్. తనకు చదువు చెప్పిన గురువు మీది గౌరవంతో ఆ గురువు పేరునే తన పేరుగా పెట్టుకున్నారు. ఊరు దూరం పెట్టిన ఆ ఇంట్లో చదువుంది, వైద్యముంది. తాత కందప్పన్ దగ్గరున్న తిరుక్కురళ్ తాళపత్రాలు ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారికి చేరాయని ఆ కుటుంబం చెప్పుకునేది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టింది కాదని 1816లో రాసిన ఎల్లిస్ ఈయనే. అయోతీదాస్ కూడా సిద్ధవైద్యమే వృత్తిగా బతికారు.

మొదట ఆయన కూడా మనలో చాలామంది నడిచిన దారిలోనే నడిచారు. ఉన్న మతంలోనే మర్యాద దొరుకుతుందేమో అని చూశారు. 1891లో నీలగిరుల్లో ద్రావిడ మహాజన సభ పెట్టారు. మరుసటేడు మద్రాసులో పెద్దకులాల నాయకులు కూడిన మహాజన సభకు వెళ్లి, మా పిల్లలకు బడి కావాలి, మాకు బంజరు భూములు కావాలి, గుళ్లలోకి రానివ్వాలి అని అడిగారు. బడికీ భూమికీ సరేనన్నారు. గుడి మాట ఎత్తగానే సభలో ఒప్పుకోలేదు. మనుషులుగా చూడని చోట ఎన్నాళ్లని తలుపు తడతాం? మీకూ ఈ ప్రశ్న వచ్చే ఉంటుంది. ఆయనకూ వచ్చింది.

అయోతీదాస్ కోపంతో ఊరుకోలేదు, కుంగి మూల కూర్చోలేదు. పాత తమిళ గ్రంథాలు తిరగేశారు. మనవాళ్లు ఒకప్పుడు బౌద్ధులనీ, కులాన్ని ఒప్పుకోనందుకే అంటరానివాళ్లుగా తోసేశారనీ ఒక నిర్ణయానికి వచ్చారు. బాబాసాహెబ్ కూడా అంటరానివారి పుట్టుక గురించి 1948లో అచ్చయిన తన గ్రంథంలో ఇలాంటి ఆలోచనకే వచ్చారు. ఇద్దరివీ వేరువేరు దారులు, వేరువేరు ఆధారాలు.

1898లో కర్నల్ ఆల్కాట్ సాయంతో, కృష్ణస్వామి అనే ఉపాధ్యాయుడితో కలిసి అయోతీదాస్ సింహళం వెళ్లారు. కొలంబోలో సుమంగళ మహాథేరో దగ్గర పంచశీల స్వీకరించారు. అప్పటికి ఆయన వయసు 53. ఈ వయసులో మళ్లీ కొత్తగా ఏం మొదలుపెడతాం అనుకునే పెద్దలు ఈ లెక్క గుర్తుంచుకోండి.

తిరిగి వచ్చి మద్రాసు రాయపేటలో శాక్య బౌద్ధ సంఘం పెట్టారు. అసలు పరీక్ష అప్పుడే మొదలైంది. పేరు మారింది గానీ పేదరికం మారలేదు. చుట్టూ ఉన్నవాళ్ల చూపు మారలేదు. మరి ధమ్మాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? ఆయన దాన్ని ఇంట్లోనే పెట్టారు. బిడ్డకు పేరు పెట్టడం, పెళ్లి చేయడం, చనిపోయినవారిని సాగనంపడం, ఇవన్నీ బౌద్ధ పద్ధతిలో చేసుకోవడం నేర్పారు. వారం వారం కూడి ధమ్మం వినేవారు. తాగుడు మానాలని, జంతుబలులు వద్దని పదే పదే చెప్పేవారు. పండగల విషయంలో మాత్రం ఆయన దారి వేరు. దీపావళి, భోగి లాంటివి మొదట బౌద్ధ పండగలేనని వాదించి, వాటికి కొత్త అర్థం చెప్పారు. 22 ప్రతిజ్ఞలు తీసుకున్న మనం ఆ దారిలో నడవనక్కర్లేదు. కానీ ఒకటి గమనించండి. పండగనాడు ఇంట్లో పిల్లలకు ఏం చెప్పాలి అనే ప్రశ్నను ఆయన తప్పించుకోలేదు.

1907 జూన్ 19న ఒక వారపత్రిక మొదలుపెట్టారు. దాని పేరే ఒరు పైసా తమిళన్. ధర ఒక్క పైసా, అంటే అణాలో నాలుగో వంతు. కూలివాడు కూడా కొనగలగాలని ఆ ధర. తర్వాత అది తమిళన్ అయింది. అందులో బుద్ధ చరిత్ర ఉండేది, వైద్యం ఉండేది, పాఠకుల ప్రశ్నలకు జవాబులుండేవి.

ఆ పత్రిక కోలార్ బంగారు గనుల దాకా వెళ్లింది. భూమి లోపల వేడిలో, ఎప్పుడు రాయి మీద పడుతుందో తెలియని చోట పనిచేసే కార్మికులు మారికుప్పం, ఛాంపియన్ రీఫ్స్‌లలో బౌద్ధ సంఘాలు కట్టుకున్నారు. రంగూన్‌కూ, దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కూ కూలికి వెళ్లినవాళ్లు కూడా శాఖలు పెట్టుకున్నారు. తీరిక దొరికాక ధమ్మం చూద్దాం అని వాళ్లు అనుకోలేదండీ. అలా అనుకుని ఉంటే వాళ్లకు తీరిక ఎప్పటికీ దొరికేది కాదు.

ఆ సంఘానికి తోడు నిలిచిన వారిలో మన తెలుగాయన ఒకరున్నారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పిన పి. లక్ష్మీనరసు. ఆయన బౌద్ధసారం మీద ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1907లో వచ్చింది. 1948లో దాన్ని మళ్లీ అచ్చువేసినప్పుడు ముందుమాట రాసింది బాబాసాహెబే. రాయపేటలో వెలిగించిన దీపం మన దాకా రావడానికి ఇదొక దారి.

అయోతీదాస్ 1914 మే 5న కన్నుమూశారు. ఆయన పోయాక పత్రిక కొన్నాళ్లకు ఆగింది. 1920లలో మళ్లీ దాన్ని నిలబెట్టింది కోలార్ గనుల బౌద్ధులే. నాయకుడు పోయినా ఇళ్లలో ధమ్మం ఉంది కాబట్టి అది సాధ్యమైంది.

ఇక మన సంగతి. జనాభా లెక్కలవాళ్లు వస్తే మతం దగ్గర ఏం రాయించాలో అయోతీదాస్ ఆనాడే తన జనానికి నేర్పారు. మీరూ బౌద్ధం అని ధైర్యంగా రాయించండి. రిజర్వేషన్ పోతుందేమోనని భయపడకండి. బౌద్ధంలోకి మారిన షెడ్యూల్డ్ కులాలవారికి ఆ హక్కు వర్తిస్తుందని 1990లోనే చట్టం వచ్చింది. ఆదివారం సాయంత్రం నాలుగిళ్లవాళ్లు ఒకచోట కూర్చొని బుద్ధ వందన చేసుకోండి. ఇంట్లో చదువొచ్చిన పిల్ల ఉంటే ఆమె చేత ధమ్మం చదివించుకొని వినండి. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒక్క వారం తప్పిందని మానేయకండి, మరుసటి వారం కూర్చోండి.

కష్టకాలం పోయేదాకా ధమ్మాన్ని అటక మీద దాచిపెట్టకండి. అది వాడుకోవడానికే ఉంది.

నమో బుద్ధాయ. జై భీమ్.