ఎవరి రాజ్యం? మన సురవరం కథ

మా తాత ట్రంకుపెట్టెలో ఉన్న పాత భూమి కాగితాలు చూస్తే నాకు ఒక్క ముక్క సమజ్ కాలేదు. అంతా ఉర్దూ. గద్వాల పక్క పల్లెలో, తెలుగు తప్ప ఇంకోటి రాని రైతుకు ఉర్దూ కాగితం ఏంది? దాదాపు వందేళ్ల కింద ఇదే ప్రశ్నను పట్టుకున్న మనిషి మా జిల్లాలోనే ఉన్నారు, సురవరం ప్రతాపరెడ్డి.

1896లో పుట్టారు. సొంతూరు ఇటిక్యాలపాడు. మద్రాసులో చదువుకున్నారు, లా చేశారు. ఉర్దూ, ఫారసీ కూడా బాగా వచ్చు. ఆ భాషల మీద ఆయనకు కోపం లేదు, అది గుర్తుపెట్టుకోవాలి. 1926లో హైదరాబాద్‌లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు.

అప్పటి నిజాం రాజ్యం అంటే ఉత్త హిందూ-ముస్లిం కొట్లాట అనుకునేవాణ్ణి. అంత సింపుల్ కాదు. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాలను ఏలింది హిందూ రాజులే, నిజాంకు కప్పం కట్టి. హైదరాబాద్ కొత్వాల్ అయిన వెంకటరామారెడ్డిది వనపర్తి ప్రాంతమే. ఐనా కచేరీ భాష ఉర్దూ. మీటింగ్ పెట్టాలంటే సర్కారు పర్మిషన్ కావాలి.

1924లో టర్కీ ఖలీఫా పదవి రద్దయింది. 1931లో ఆ చివరి ఖలీఫా కూతురు నిజాం ఇంటి పెద్ద కోడలైంది. ముస్లిం లోకంలో హైదరాబాద్ పేరు మోగింది. 1930ల చివర మజ్లిస్ నాయకుడు బహదూర్ యార్ జంగ్ ఒక వాదన తెచ్చారు: అధికారం ఈ రాజ్యపు ముస్లింలందరిదీ, నిజాం దానికి గుర్తు మాత్రమే అని. పైకి ప్రజాస్వామ్యంలాగే వినిపిస్తుంది, రాజుది కాదు జనానిది అని. కాకపోతే ఆ జనంలో మెజారిటీ జనం లేరు!

సురవరం జవాబు ఇంకో మతం పేరుతో రాలేదు, భాషతో వచ్చింది. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షులు ఆయనే. తెలంగాణలో కవులే లేరని ఎవరో రాస్తే, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేశారు. సర్కారు ఆఫీసుల తీరును మొగలాయి కథల్లో నవ్వుతూనే ఉతికారు. ముందుగా అనుమతి లేనిదే సంపాదకీయం వేయొద్దని ఆంక్ష వస్తే, ఆ జాగాలో ప్రపంచ మేధావుల మాటలు ఏరి వేసేవారట. ఆ తెలివి నాకు భలే నచ్చింది.

నచ్చనిదీ ఒకటుంది. అందరి తెలుగు కోసం కొట్లాడిన మనిషి ఏళ్ల తరబడి నడిపింది ఒక కులం పేరున్న హాస్టల్. అక్కడ చదువుకున్నోళ్లు ఎంతోమంది పైకొచ్చారు, నిజమే. ఐనా ఆ పేరు దగ్గర నేను ఆగిపోతాను.

1948 సెప్టెంబర్‌లో నిజాం పాలన ముగిసింది. 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి గెలిచి హైదరాబాద్ శాసనసభకు వెళ్లారు. ఏడాదిన్నర కూడా కాలేదు, 1953 ఆగస్టు 25న పోయారు. ఆంధ్రుల సాంఘిక చరిత్రకు సాహిత్య అకాడమీ అవార్డు 1955లో వచ్చింది, తెలుగులో అదే మొదటిది. తీసుకోవడానికి ఆయన లేరు.

మా తాత కాగితాలు ఇంకా ట్రంకులోనే ఉన్నాయి. ఉర్దూ వచ్చిన సీనియర్‌తో చదివించుకోవాలి.