డాక్టరు కాని బొవేరీ

రక్త క్యాన్సర్ రిపోర్టుల్లో 'క్లోన్' అనే మాట ఒకటి కనిపిస్తుంది. చెడిపోయిన ఒక్క కణానికి పుట్టిన సంతానమంతా అని అర్థం. ఒక ఇంటిపేరు వాళ్ళందరికీ మూలపురుషుడు ఒక్కడే అయినట్టు. క్యాన్సర్ ఇలా ఒకే కణంతో మొదలవుతుందని వాదించిన థియోడార్ బొవేరీ అసలు డాక్టరే కాదు, జంతుశాస్త్రం ప్రొఫెసర్.

ఆయన 1862లో జర్మనీలోని బాంబెర్గ్‌లో పుట్టారు. మ్యూనిక్‌లో మొదట మనలాగే చరిత్ర, తత్వశాస్త్రం వైపు వెళ్ళి, తర్వాత సైన్సుకి మారిపోయారు. (ఏబీబీ కంపెనీ పేరులో చివరి బీ ఆయన తమ్ముడు వాల్టర్ ఇంటిపేరే!)

ఆయన పని ఎక్కువగా సీ అర్చిన్ అనే ముళ్ళబంతి లాంటి సముద్రజీవి గుడ్ల మీద. గుడ్డులోకి మామూలుగా ఒక్క వీర్యకణమే వెళ్తుంది. రెండు వెళ్తే ఆ గుడ్డు ఒకేసారి మూడు, నాలుగు ముక్కలవుతుంది. ఇక క్రోమోజోముల పంపకంలో వాటాలు తప్పుతాయి. ఒక ముక్కకి ఎక్కువ వస్తాయి, ఇంకోదానికి కావలసినది అందదు. అలాంటి పిండాలు దాదాపు అన్నీ పాడైపోయాయి. అంటే ఒక్కో క్రోమోజోముకీ ఒక్కో పని ఉందని 1902లో ఆయన తేల్చారు.

మరి వాటా తప్పిన కణం చావకుండా అదుపులేకుండా పెరిగితే? అదే క్యాన్సర్ అని 1914లో చిన్న పుస్తకం రాశారు. చేతిలో రుజువు లేదు. అయినా రాశారు చూడండి, నాకు అదే నచ్చింది. అప్పటికే ఆరోగ్యం బాగాలేదు. మరుసటి ఏడే, 53 ఏళ్ళకి పోయారు.

ఆ పుస్తకాన్ని నిలబెట్టింది భార్య మార్సెల్లా. ఆవిడ అమెరికా అమ్మాయి, వాసర్ అనే ఆడపిల్లల కాలేజీలో బయాలజీ ప్రొఫెసర్. 1896లో పరిశోధన కోసం బొవేరీ దగ్గరికి వచ్చి, మరుసటి ఏడు ఆయన్నే పెళ్ళి చేసుకున్నారు. ఆయన పోయాక అమెరికా తిరిగి వెళ్ళి, ఇంకో ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెబుతూ 1929లో పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. బొవేరీ మీద రాసేవాళ్ళు ఈవిడకి ఒక్క వాక్యం ఇచ్చి ఊరుకోవడం అన్యాయం.

రుజువు 1960లో దొరికింది. దీర్ఘకాలిక మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ రోగుల కణాల్లో పొట్టిదైపోయిన ఒక క్రోమోజోము కనిపించింది. కనిపెట్టిన ఊరి పేరే పెట్టి ఫిలడెల్ఫియా క్రోమోజోము అన్నారు. 2001లో దానికి మందు కూడా వచ్చింది, ఇమాటినిబ్. విచిత్రం ఏమిటంటే, మందుతో ఆ కణాలు తగ్గిపోయిన కొద్దిమందిలో వేరే క్లోన్ బయటపడుతుంది. ఫిలడెల్ఫియా ఉండదు, 8వ క్రోమోజోము ఒకటి ఎక్కువ ఉంటుంది. అంటే ఇంకో ఇంటిపేరు. చాలామందికి దానివల్ల ఏమీ కాదు. 7వ క్రోమోజోము పోయిన క్లోన్ అయితే మాత్రం డాక్టర్లు కళ్ళల్లో వత్తులేసుకుని చూస్తుంటారు.